దావా కుదరదా? అయితే మీ పేరు మీదే ఒక చట్టం!

మీకు తెలుసా? సర్కారు బండి గుద్ది ఒకరి కాలు విరిగితే, ఆ ఒక్క కాలి కోసం చట్టసభ ఏకంగా ఒక చట్టం చేస్తూ వచ్చిన దేశం ఉంది. రెండు సభలూ ఓటేయాల్సి వచ్చేది, దేశాధ్యక్షుడు సంతకం పెట్టాల్సి వచ్చేది. చట్టం పేరులో బాధితుడి పేరే ఉండేది. కాలు విరగ్గొట్టుకుని చరిత్రకెక్కడమంటే ఇదే!

ఆ దేశం అమెరికా. రాజు తప్పు చేయడు, కనుక రాజు మీద దావా చెల్లదు అన్నది ఇంగ్లండు నాటి పాత సూత్రం. అమెరికావాళ్లు రాజును సాగనంపారు, సూత్రాన్ని మాత్రం ఇంట్లోనే ఉంచుకున్నారు! సర్కారు ఒప్పుకుంటే తప్ప సర్కారు మీద కోర్టుకెళ్లే దారి లేదు. ఇక మిగిలింది అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు అర్జీ. అర్జీ నచ్చితే ఆ ఒక్క మనిషి కోసమే ‘ప్రైవేటు బిల్లు’. మన పార్లమెంటులో శుక్రవారం చర్చకొచ్చే ప్రైవేటు మెంబరు బిల్లు వేరు సుమా. అది ఊరందరికీ, ఇది ఒక్కరికి.

మీకు తెలుసా? అమెరికా కాంగ్రెస్ పుట్టిన ఏడాదే, 1789 సెప్టెంబరు 29న, ఇలాంటి మొదటి చట్టం వచ్చింది. విప్లవ సైన్యంలో పనిచేసిన బారన్ డి గ్లాబెక్ అనే విదేశీయుడికి కెప్టెన్ జీతం ఇవ్వాలన్నది దాని సారాంశం. సామాన్యుల దేశం చేసిన తొలి ప్రైవేటు చట్టం ఒక జమీందారు గారికి!

మీకు తెలుసా? 1905-07 నాటి 59వ కాంగ్రెస్ 6 వేలకు పైగా ప్రైవేటు చట్టాలు చేసింది. దేశమంతటికీ వర్తించే చట్టాలు వెయ్యి కూడా లేవు. ఆ వేలల్లో ఎక్కువ భాగం పింఛన్లే. చట్టసభా, పింఛన్ల ఆఫీసా?

మీకు తెలుసా? మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ పదవి దిగాక ప్రతినిధుల సభ సభ్యుడయ్యాడు. 1832లో ఆయన డైరీలో వాపోయింది దీని గురించే: కాంగ్రెస్ కాలంలో సగం ఈ సొంత అర్జీలకే పోతోందని, వీటికి ఒక న్యాయస్థానం ఉండాలని. అది రావడానికి ఇంకో 23 ఏళ్లు పట్టింది. ఆయన అప్పటికి లేడు. డైరీ ఉంది!

మీకు తెలుసా? అధ్యక్షుడి మాట విన్న పాపానికి ఒక నౌకాదళ కెప్టెన్ సొంత జేబు నుంచి 8,504 డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఫ్రెంచి రేవులకు ‘వెళ్లే’ ఓడల్ని పట్టుకోమంది చట్టం. ‘వచ్చే’ ఓడల్ని కూడా పట్టుకోమంది అధ్యక్షుడి ఉత్తర్వు. 1799లో కెప్టెన్ జార్జ్ లిటిల్ పట్టుకున్న ‘ఫ్లయింగ్ ఫిష్’ వస్తున్న ఓడ. 1804లో సుప్రీంకోర్టు తేల్చింది: అధ్యక్షుడు చెప్పినా సరే, చట్టం చెప్పలేదు, డబ్బు కెప్టెనే కట్టాలి! ఉత్తర్వు పాటిస్తే జరిమానా, పాటించకపోతే క్రమశిక్షణ చర్య. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి 1807లో కాంగ్రెసే ఒక ప్రైవేటు చట్టం చేసి ఆయన్ను గోతిలోంచి పైకి లాగింది.

ఇంకోటి వినండి. అధ్యక్షుణ్ని విమర్శించినందుకు 1798లో మాథ్యూ లయన్ అనే కాంగ్రెస్ సభ్యుడికి నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా పడ్డాయి. జైల్లో ఉండగానే ఆయన మళ్లీ గెలిచాడు! జరిమానా వాపసుకు కాంగ్రెస్ చట్టం చేసింది 1840లో. లయన్ పోయింది 1822లో. డబ్బు అందుకున్నది వారసులు.

జనరల్ ఆండ్రూ జాక్సన్ కొంచెం అదృష్టవంతుడు. న్యూ ఆర్లియన్స్‌లో ఒక జడ్జి 1815లో ఆయనకు కోర్టు ధిక్కారం కింద వెయ్యి డాలర్లు జరిమానా వేశాడు. 1844లో కాంగ్రెస్ వడ్డీతో సహా 2,732 డాలర్ల 90 సెంట్లు తిరిగిచ్చింది. మధ్యలో ఆయన ఎనిమిదేళ్లు దేశాధ్యక్షుడిగా చేసి దిగిపోయాడు కూడా. తన ఖజానా నుంచి తన వెయ్యి రాబట్టుకోలేకపోయిన అధ్యక్షుడు!

మీకు తెలుసా? ఈ అర్జీల తంతు మీద మార్క్ ట్వేన్ వ్యంగ్యం రాశాడు. 1813లో యుద్ధం గొడవల్లో జార్జ్ ఫిషర్ అనే రైతు పంట, ఇల్లు పాడయ్యాయి. రైతు పోయాడు, వారసులు అర్జీ మీద అర్జీ పెడుతూ పోయారు, ప్రతిసారీ ఎంతో కొంత రాలుతూ వచ్చింది. పొలంలో మొక్కజొన్న ఒక్కసారే కాలింది. ఖజానాలో మాత్రం దశాబ్దాల పాటు పండింది!

సరే, 1855లో క్లెయిముల కోర్టు పెట్టారు. హమ్మయ్య అనుకుంటున్నారా? ఆగండి. కోర్టు విచారిస్తుంది, అభిప్రాయం చెబుతుంది, ఆపై కాగితాలన్నీ మళ్లీ కాంగ్రెస్‌కే పంపుతుంది! సర్కారు తన మీద తానే తీర్పు చెప్పుకొని పౌరుడికి వెంటనే న్యాయం చేయాలని 1861లో అబ్రహాం లింకన్ గట్టిగా అడిగాడు. 1863లో కోర్టుకు తీర్పిచ్చే అధికారం వచ్చింది. కానీ సొమ్ము విడుదలలో ఖజానా మంత్రి చెయ్యి మిగిలే ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనవాళ్లు ఊరికే అన్నారా? ఆ మెలిక 1866లో గానీ వీడలేదు.

అయితే ఇక్కడో కిటుకుంది. ఆ కోర్టు చూసేది ఎక్కువగా కాంట్రాక్టుల డబ్బు. సర్కారు గుర్రం తన్నిందా, సర్కారు గోడ మీద పడిందా? అయ్యా, మీరు మళ్లీ కాంగ్రెస్ క్యూలోకే!

మీకు తెలుసా? వీటో అనగానే అమెరికాలో గుర్తొచ్చే అధ్యక్షుల్లో గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఒకరు. రెండు విడతల్లో 584 బిల్లులు తిప్పికొట్టాడు. అందులో చాలావరకు ఇలాంటి ప్రైవేటు పింఛను బిల్లులే. పాపం ఆయన వాటిని నిజంగానే చదివేవాడు! ఒకాయన అంతర్యుద్ధం ముగిసే రోజుల్లో సైన్యంలో చేరాడు, తట్టు పోసి ఆస్పత్రిలో పడ్డాడు, తేరుకుని వచ్చిన మూడో రోజుకే ఇంటికి పంపేశారు. 15 ఏళ్ల తర్వాత పింఛను కావాలన్నాడు. తట్టుతో ఆయన చేసిన భీకర పోరాటాన్ని ప్రస్తావిస్తూ క్లీవ్‌లాండ్ వీటో సందేశం రాశాడు. శత్రువు ఒంటి మీదే ఉన్నాడు మరి!

ఇప్పుడు ఒళ్లు జలదరించే యాదృచ్ఛికం. వాషింగ్టన్‌లో ఫోర్డ్స్ థియేటర్ గుర్తుందా? లింకన్‌ను జాన్ విల్క్స్ బూత్ కాల్చిన చోటు. తర్వాత దాన్ని సర్కారు ఆఫీసుగా మార్చారు. 1893 జూన్ 9న అడుగు అంతస్తులో తవ్వకం జరుగుతుండగా పై అంతస్తులు ముందు భాగంలో కూలిపోయాయి. 22 మంది గుమాస్తాలు చనిపోయారు, 60 మందికి పైగా గాయపడ్డారు. మీకు తెలుసా? సరిగ్గా అదే రోజు హంతకుడి అన్న, మహానటుడు ఎడ్విన్ బూత్ అంత్యక్రియలు న్యూయార్క్‌లో జరుగుతున్నాయి!

ఆగండి, అయిపోలేదు. ఆ గుమాస్తాల ఉద్యోగం ఏమిటో తెలుసా? పాత సైనికుల పింఛన్లకు కావాల్సిన రికార్డులు చూడటం. ఊరందరి పరిహారాల ఫైళ్లు చూసినవాళ్ల కుటుంబాలకే పరిహారం ఇప్పించే చట్టం లేకపోయింది! చివరికి కాంగ్రెస్ ప్రత్యేకంగా కల్పించుకుని, మరణించిన ఒక్కొక్కరి కుటుంబానికి 5,000 డాలర్ల చొప్పున ఇప్పించింది. ఉద్యోగంలో దెబ్బ తగిలిన కేంద్ర సిబ్బంది అందరికీ వర్తించే పరిహార చట్టం 1916లో గానీ రాలేదు.

మీకు తెలుసా? బానిసల్ని రహస్యంగా విడిపించి, అంతర్యుద్ధంలో గూఢచారిగా, నర్సుగా పనిచేసిన హారియట్ టబ్మన్‌కు కూడా ప్రైవేటు చట్టమే దిక్కయింది. 1899లో ఆమె పింఛను నెలకు 20 డాలర్లు చేశారు. అందులో 8 డాలర్లు సైనికుడి వితంతువుగా, 12 డాలర్లు నర్సుగా. గూఢచారిగా చేసినందుకు? సున్నా! ఆ పని ఎంత గుట్టుగా చేసిందంటే సర్కారు లెక్కల్లోకే ఎక్కలేదు.

అంకెలంటే ఇష్టమా? 1927-29 నాటి 70వ కాంగ్రెస్ ముందుకు 2,268 ప్రైవేటు క్లెయిము బిల్లులు వచ్చాయి. అన్నీ కలిపి అడిగింది 10 కోట్ల డాలర్లకు పైనే. గట్టెక్కినవి 336. ఇచ్చింది దాదాపు 28 లక్షల 30 వేలు. అందులో సర్కారు తప్పు వల్ల జరిగిన నష్టాలకు సంబంధించినవి 144, వాటికి దక్కింది 5 లక్షల 62 వేలు. కొండంత అడిగితే గోరంత రాలింది!

మీకు తెలుసా? ఈ గోల వదిలించే చట్టాన్ని గట్టు దాటించడంలో ఒక విమానం చెయ్యి ఉంది. రెక్క అనాలేమో! 1945 జూలై 28, శనివారం, దట్టమైన పొగమంచు. సైన్యానికి చెందిన బి-25 బాంబర్ విమానం వెళ్లి న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం 79వ అంతస్తు దగ్గర గుద్దుకుంది. విమానంలో ముగ్గురు, భవనంలో 11 మంది చనిపోయారు. ఒక ఇంజను భవనాన్ని ఇటు నుంచి అటు చీల్చుకుంటూ పోయి పక్క భవనం కప్పు మీద పడింది.

లిఫ్టు నడిపే 20 ఏళ్ల అమ్మాయి ఆ ప్రమాదంలో గాయపడింది. కిందికి దించుదామని ఇంకో లిఫ్టు ఎక్కించారు. దాని తాళ్లు దెబ్బతిని ఉన్నాయని ఎవరికీ తెలియదు. అవి పుటుక్కున తెగి, లిఫ్టు 75 అంతస్తుల లోతుకు పడిపోయింది. మీకు తెలుసా? ఆమె బతికింది! లిఫ్టు పడిపోయినా ప్రాణంతో బయటపడినవారిలో అత్యధిక ఎత్తుగా గిన్నిస్ రికార్డుకెక్కింది. అదే రోజు విమానం దెబ్బా, లిఫ్టు దెబ్బా తిన్న మనిషి ముందు యముడు సెలవు చీటీ పెట్టుకోవాల్సిందే.

సర్కారు విమానం చేసిన నష్టానికి సర్కారు మీద దావా వేయొచ్చా? ఆ రోజున కుదరదు! అలాంటి చట్టం కోసం బిల్లులు 20 ఏళ్లకు పైగా కాంగ్రెస్‌లో తిరుగుతూనే ఉన్నాయి. ఏడాదికల్లా, 1946 ఆగస్టు 2న, ఫెడరల్ టార్ట్ క్లెయిమ్స్ చట్టం వచ్చింది. తమాషా ఏమిటంటే, దాన్ని 1945 జనవరి 1 నుంచి జరిగినవాటికి కూడా వర్తింపజేశారు. అంటే ఎంపైర్ స్టేట్ బాధితులు కూడా లోపలికొచ్చారు. కోర్టు తలుపు తెరిచిన ఆ చట్టంతోపాటే, ఇలాంటి వాటికి ఇక ప్రైవేటు బిల్లులు పెట్టొద్దని కాంగ్రెస్ తన తలుపు మూసుకుంది. అదే నిషేధాల జాబితాలో నదుల మీద వంతెనలకు అనుమతిచ్చే ప్రైవేటు బిల్లులు కూడా ఉన్నాయి. అవును, వంతెనక్కూడా విడిగా చట్టం ఉండేది!

ఇక అంతా సుఖాంతం అనుకున్నారు. సరిగ్గా ఎనిమిదిన్నర నెలలు గడిచాయి.

1947 ఏప్రిల్ 16, టెక్సస్ సిటీ రేవు. ‘గ్రాండ్‌క్యాంప్’ అనే ఫ్రెంచి ఓడలో దాదాపు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఎరువు. యుద్ధంలో దెబ్బతిన్న దేశాల పొలాల కోసం అమెరికా సర్కారు తయారు చేయించిన సరుకు. ఓడలో మంటలు లేచాయి. నీళ్లు కొడితే సరుకు పాడవుతుందని ఆవిరి వదిలారు. పొగ వింత రంగులో వస్తుంటే జనం చూడటానికి రేవుకొచ్చారు. 9 గంటల 12 నిమిషాలకు ఓడ పేలిపోయింది. మర్నాడు పక్క ఓడ ‘హై ఫ్లయర్’ కూడా! మృతులు కనీసం 581 మంది. మీకు తెలుసా? రెండు టన్నుల లంగరు ఎగిరి మైలున్నర అవతల పడింది. పైన ఎగురుతున్న రెండు చిన్న విమానాలు కూలిపోయాయి.

కొత్త చట్టం ఉంది కదా! సుమారు 300 దావాలు, 20 కోట్ల డాలర్లు అడిగారు. 1953లో సుప్రీంకోర్టు 4-3తో ఏం చెప్పిందో తెలుసా? ఎరువు పథకం సర్కారు విధాన నిర్ణయం, దానికి ఈ చట్టం వర్తించదు! మళ్లీ పాత గుమ్మమే దిక్కు. 1955లో కాంగ్రెస్ ఒక ప్రత్యేక చట్టం చేసి 1,394 మందికి కోటీ 70 లక్షల డాలర్లకు కాస్త తక్కువగా పంచింది. చట్టం వచ్చాక కూడా చట్టం కోసం మరో చట్టం!

మీకు తెలుసా? సైనిక ఆస్పత్రిలో ఆపరేషన్ జరిగిన ఒక సైనికుడి కడుపులోంచి, ఎనిమిది నెలల తర్వాత 30 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పున్న తువ్వాలు బయటపడింది. దాని మీద సైనిక వైద్య శాఖ ముద్ర స్పష్టంగా ఉంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? 1950లో సుప్రీంకోర్టు మాత్రం, విధుల్లో ఉన్న సైనికుడికి సర్కారు మీద దావా హక్కు లేదంది. ముద్ర వేసి మరీ ఇచ్చినా రసీదు చెల్లలేదు! సైనికులు వైద్య పొరపాట్లకు కనీసం శాఖాపరంగా పరిహారం అడిగే వీలు 2019 డిసెంబరులో వచ్చింది. 69 ఏళ్లు!

మీకు తెలుసా? అమెరికా తన సొంత పౌరుల ఇంటి పక్కనే అణుబాంబు పడేసుకుంది. 1958 మార్చి 11, దక్షిణ కరొలైనాలోని మార్స్ బ్లఫ్. బి-47 విమానంలో ఒకాయన పొరపాటున అత్యవసర మీట పట్టుకున్నాడు, బాంబు జారిపోయింది. అణు గుండె అందులో లేకపోవడం భూమి చేసుకున్న పుణ్యం. మామూలు మందుగుండే పేలి పెద్ద గొయ్యి పడింది, ఆరుగురు గాయపడ్డారు, ఎవరూ చనిపోలేదు. కోళ్లు మాత్రం దక్కలేదు. ఆ కుటుంబం దావా వేస్తే వచ్చింది 54,000 డాలర్లు. అణుబాంబు దెబ్బ తిన్న ఇంటికి రేటు ఎంతో ఇప్పుడు తెలిసింది!

మీకు తెలుసా? గూఢచారి సంస్థ సీఐఏ తనతో కలిసి పనిచేస్తున్న మనిషికే చెప్పకుండా ఎల్‌ఎస్‌డీ మత్తుమందు కలిపిచ్చింది. శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓల్సన్ కొద్దిరోజులకే, 1953 నవంబరులో, న్యూయార్క్ హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు. మత్తుమందు సంగతి కుటుంబానికి 22 ఏళ్ల తర్వాత తెలిసింది. అధ్యక్షుడు ఫోర్డ్ వాళ్లను పిలిచి క్షమాపణ చెప్పాడు. 12,50,000 డాలర్లు ఇద్దామనుకున్నారు. కాంగ్రెస్‌లో బేరం జరిగి, 1976 ప్రైవేటు చట్టంలో అది 7,50,000 అయింది. ప్రాణానికి కూడా బేరమాడే సభ!

అదే మందు 1958లో తెలియకుండా తాగించిన ఒక సార్జెంట్ దావాను 1987లో సుప్రీంకోర్టు 5-4తో కొట్టేసింది. ఆయనకు కూడా ప్రైవేటు చట్టమే ఆదుకుని, 1996లో 4 లక్షల డాలర్లకు కాస్త పైన వచ్చింది. మందు తాగించిన 38 ఏళ్లకు!

ఈ బిల్లులు సభలో ఎలా నడుస్తాయంటారా? ప్రతినిధుల సభలో సంప్రదాయం ప్రకారం నెలలో మొదటి, మూడో మంగళవారాలు వీటివి. చదివి తప్పుపట్టడానికే ఒక్కో పార్టీ నుంచి ముగ్గురు అధికారిక అభ్యంతరదారులు. ఇద్దరు తల అడ్డంగా ఊపితే బిల్లు మళ్లీ కమిటీకే. అభ్యంతరం చెప్పడమే పదవి! మా వీధిలో ఆ పనిని ఉచితంగా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు ఫ్లోరిడా రాష్ట్రానికి వెళ్దాం. ఇవాళ్టికీ ఈ బిల్లుల సంత జోరుగా సాగేది ఇక్కడే. సర్కారు తప్పుకు జ్యూరీ ఎంత ఇవ్వమన్నా, నేరుగా కట్టేది పరిమితం. 2011లో ఆ హద్దు మనిషికి 2 లక్షలు, మొత్తం ఘటనకు 3 లక్షల డాలర్లు చేశారు. మిగతాది కావాలంటే శాసనసభలో క్లెయిము బిల్లు గెలవాలి. మీకు తెలుసా? 1998లో డ్యూటీకి హడావుడిగా వెళ్తున్న ఒక పోలీసు కారు 18 ఏళ్ల విద్యార్థిని గుద్దింది. కుర్రాడు జీవితాంతం కోలుకోలేని స్థితికి చేరాడు. జ్యూరీ 3 కోట్ల డాలర్లకు పైగా ఇమ్మంది. శాసనసభ మెట్లెక్కి దిగి, ప్రమాదం జరిగిన 14 ఏళ్లకు, 2012లో దక్కింది కోటీ 7 లక్షల 50 వేలు. కోర్టులో గెలిచాక మళ్లీ ఎన్నికల్లో గెలవాలన్నమాట!

అదే ఫ్లోరిడాలో, 1923లో రోజ్‌వుడ్ అనే నల్లజాతీయుల ఊరిని తెల్లవాళ్ల గుంపు తగలబెట్టి తుడిచిపెట్టేసింది. సర్కారు చూస్తూ ఊరుకుంది. 1994లో క్లెయిము బిల్లు నెగ్గి, అప్పటికి బతికున్నవాళ్లకు తలా 1,50,000 డాలర్ల దాకా వచ్చింది. 71 ఏళ్లు! దీని మీద జోకు లేదు.

సముద్రం దాటుదాం. సూత్రం పుట్టిన ఇంగ్లండులో ఏమైంది? యుద్ధకాలంలో సముద్రతీరాన పాతిన మందుపాతరల మధ్య ఆడుకుంటూ వెళ్లి ఒక పిల్లవాడు చనిపోయాడు, ఇంకొకడు గాయపడ్డాడు. సర్కారు మీద దావా చెల్లదు కనుక, దావా వేసుకోండంటూ సర్కారే ఒక అధికారి పేరు ఇచ్చేది. 1946లో ప్రభువుల సభ ఈ నాటకం చెల్లదని తెర దించింది. మరుసటి ఏడాదే రాజుగారి సర్కారు మీద దావాకు వీలిచ్చే చట్టం వచ్చింది. రాజు తప్పు చేయగలడని రాజే సంతకం పెట్టాడు!

మన సంగతి? మీకు తెలుసా? అమెరికాలో మనిషికి 1946 దాకా దొరకని హక్కు, కలకత్తాలో ఒక గుర్రానికి 1861లోనే దొరికింది! ఖిదిర్‌పూర్ సర్కారు డాక్‌యార్డు పనివాళ్లు మోస్తున్న ఇనుప ముక్క పడి, పీ అండ్ ఓ కంపెనీ బండికి కట్టిన గుర్రం గాయపడింది. కోర్టు సర్కారు చేత 350 రూపాయలు కట్టించింది. వ్యాపారంలాంటి పనుల్లో సర్కారు కూడా మామూలు యజమానేనంది. ఆ గుర్రం పేరు ఎవరూ రాయలేదు గానీ, మన లాయర్లు ఇప్పటికీ దాని తీర్పునే తిరగేస్తున్నారు.

అయితే బంగారానికి ఆ యోగం లేదు. 1947లో మీరట్‌లో ఒక వ్యాపారి నుంచి పోలీసులు వెండి, బంగారం పట్టుకున్నారు. వెండి తిరిగిచ్చారు. బంగారం? మాల్‌ఖానా చూసే హెడ్ కానిస్టేబులే దాన్ని పట్టుకుని పాకిస్తాన్ చెక్కేశాడు! కంచే చేను మేస్తే ఎవరు దిక్కు? 1964లో సుప్రీంకోర్టు, అది సార్వభౌమ విధి కనుక సర్కారుకు బాధ్యత లేదంది.

ఆ ధోరణికి గట్టిగా అడ్డుపడిన కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే. 1975లో ఒక వ్యాపారి దగ్గర ఎరువులు, ధాన్యం అధికారులు స్వాధీనం చేసుకున్నారు. తర్వాత తిరిగి తీసుకోమన్నారు. వెళ్లి చూస్తే సరుకు పాడైపోయింది. 1994లో సుప్రీంకోర్టు సర్కారే కట్టాలంది. అక్కడ టెక్సస్‌లో ఎరువు ఓడింది, ఇక్కడ ఎరువు గెలిచింది!

అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు కథ ఇంకా విడ్డూరం. 1977 మేలో తెల్లవారుజామున జైలు గదిలోకే బాంబు విసిరారు. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. ప్రాణభయం ఉందని వాళ్లు ముందే మొత్తుకున్నారు. సార్వభౌమాధికారం అంటూ సర్కారు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000లో ఓడింది. ఇవ్వాల్సిన పరిహారం 1,44,000 రూపాయలు. 23 ఏళ్ల పోరాటంలో ఫైళ్లు మోసిన కూలి దానికన్నా ఎక్కువై ఉంటుంది!

చివరి ప్రశ్న. స్వతంత్ర భారత లా కమిషన్ 1956లో ఇచ్చిన మొట్టమొదటి నివేదిక దేని గురించో మీకు తెలుసా? సర్కారు తప్పు చేస్తే పౌరుడికి పరిహారం కట్టాలా వద్దా, దానికో చట్టం చేయండి అని! 1965లో బిల్లు పెట్టారు, మురిగిపోయింది. 1967లో మళ్లీ పెట్టారు, మళ్లీ మురిగింది. ఆ తర్వాత కమిషన్ 280కి పైగా నివేదికలు ఇచ్చింది. క్యూలో అందరికన్నా ముందు నిలబడ్డ ఒకటో నంబరు మాత్రం ఇంకా కౌంటరు దగ్గరే ఉంది, టోకెన్ చేత్తో పట్టుకుని!